సూక్ష్మదర్శిని రాకముందు అంటువ్యాధుల లెక్క ఎవరు రాశారు?

అడిగిన ప్రశ్న: "ప్రజారోగ్యంలో పీజీ చేస్తున్నాను. అంటువ్యాధుల నిఘా చరిత్ర అంటే మా పాఠంలో జాన్ స్నో మ్యాపు, పంపు పిడి తప్ప ఇంకేమీ లేదు. క్రిమి ఏమిటో తెలియని, పరీక్షలు లేని రోజుల్లో ఏ ఊళ్ళో ఏ జబ్బు ఎంత ఉందో ఎలా తెలుసుకునేవారు? మన వైపు ఆ పని ఎవరు చేశారు? ఆ పాత అంకెలను నా థీసిస్‌లో వాడుకోవచ్చా?"

జవాబు:

కొంతకాలం జిల్లా ఆరోగ్య శాఖలో, ఆ తర్వాత వైద్య కళాశాలలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పాత శానిటరీ నివేదికలు చదవడం నాకొక వ్యసనం. కాబట్టి జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఈ ప్రశ్నకు మామూలుగా వచ్చే జవాబు పేర్ల వరస: గ్రాంట్, ఫార్, స్నో, కోచ్. ఆ వరసలో తప్పేమీ లేదు. అయితే ఏ పాత నివేదిక తెరిచినా నేను మొదట వెతికేది వేరే మనిషిని. ఈ జబ్బు కబురు మొదట ఎవరి నోట బయటికి వచ్చింది? చెప్పినందుకు ఆ మనిషికి ముట్టిందేమిటి, పోయిందేమిటి? ఈ రెండూ తెలిస్తే ఆ కాలపు అంకెను ఎంతవరకు నమ్మాలో సగం తేలిపోతుంది. మిగతా సగం ఆ అంకెను దేనితో భాగించారన్న దానిమీద ఉంటుంది.

లండన్ చావుల చిట్టాల నుంచి మొదలుపెడతాను. 17వ శతాబ్దంలో అక్కడ ప్రతి పారిష్‌కూ, అంటే ఒక చర్చి కిందికి వచ్చే పేటకూ, సెర్చర్లని కొందరు ముసలి స్త్రీలు ఉండేవారు. చాలామంది పారిష్ పెట్టే తిండితో బతికే బీద విధవలు. చర్చి గంట మోగినా, కాటికాపరికి గొయ్యి తవ్వమని చెప్పినా వీళ్ళకు కబురు అందేది. శవాన్ని చూసి, ఇంట్లోవాళ్ళను అడిగి, చావుకు కారణం పారిష్ గుమాస్తాకు చెప్పేవారు. ఆయన మంగళవారం రాత్రికి లెక్క అప్పజెబితే, బుధవారం అన్ని పారిష్‌ల లెక్కలూ కలిపి, గురువారానికి అచ్చువేసి అమ్మేవారు. రాజుగారి కొలువులో ఉన్నవాళ్ళూ కొనేవారు, ఊరు విడిచిపోవాలా వద్దా అని చూసుకునే వర్తకులూ కొనేవారు. వారం వారం అంటువ్యాధి నివేదిక అనే పద్ధతికి పునాది అక్కడే పడింది. మన దేశ అంటువ్యాధుల నిఘా కార్యక్రమం ఐడీఎస్పీలో కూడా ఏళ్ల తరబడి ఆ వారం గడువే నడిచింది.

ఇక్కడే చిక్కు మొదలయింది. చావుకు ప్లేగు కారణమని సెర్చరు చెబితే ఆ ఇంటి తలుపు మీద ఎర్ర శిలువ గీసి, లోపలివాళ్ళను నలభై రోజులు బయటికి రానీయకుండా కాపలా పెట్టేవారు. బతికున్న పిల్లలు కూడా లోపలే. అలాంటప్పుడు ఆ ఇంటివాళ్ళు సెర్చరు చేతిలో నాలుగు డబ్బులు పెట్టకుండా ఉంటారా? పుచ్చుకున్నావిడ మరో జబ్బు పేరు చెప్పేసేది. 1662లో ఈ చిట్టాల మీద పుస్తకం రాసిన జాన్ గ్రాంట్ వైద్యుడు కాదు, బట్టల వ్యాపారి. దుకాణదారు కనుకనే కాబోలు, లెక్కలో ఎవరు ఎక్కడ నొక్కేస్తారో ఆయనకు తెలుసు. ప్లేగు వచ్చిన ఏళ్లలో ప్లేగు కాని చావులు కూడా మామూలు కంటే పెరగడం ఆయన గమనించాడు. మిగతా జబ్బులన్నీ ఒకే ఏడు కట్టగట్టుకుని పెరగడానికి కారణం లేదు కదా. అందుకే అసలు ప్లేగు చావులు చిట్టా చెప్పిన దానికంటే దాదాపు నాలుగో వంతు ఎక్కువని తేల్చాడు. కోవిడ్ రోజుల్లో టీవీల్లో విన్న 'అదనపు మరణాలు' ఈ లెక్కే. ఆయన పుస్తకం వచ్చిన మూడేళ్లకే, 1665లో, మహా ప్లేగు వచ్చింది. ఆ ఏటి చిట్టా మొత్తం చావులు 97,306 అని, ప్లేగు చావులు 68,596 అని చెబుతుంది. ఒకట్ల స్థానం దాకా కచ్చితంగా కనిపించే ఆ రెండో అంకెను గ్రాంట్ చదివినట్టే చదవాలి.

ఇప్పుడు మీ పాఠంలోని లండన్ డాక్టరు స్నో దగ్గరికి వద్దాం. మ్యాపు చూసి, పంపు పిడి పీకించి కలరాను ఆపాడన్న కథను నేను క్లాసులో ఎప్పుడూ అలా చెప్పలేదు. 1854 సెప్టెంబర్ 8న పిడి తీసేనాటికి లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో చావులు అప్పటికే తగ్గుముఖం పట్టాయి. జనం చాలామంది ఆ పేట వదిలి పోయారు. మ్యాపు తర్వాత తయారైంది. స్నో మొదట చేసిన పని చావుపుట్టుకలు నమోదు చేసే జనరల్ రిజిస్టర్ ఆఫీసుకు వెళ్లి చావుల జాబితా తెచ్చుకోవడం. సెప్టెంబర్ 2తో ముగిసిన వారంలో ఆ చుట్టుపక్కల 89 కలరా చావులు నమోదయ్యాయి. వాటిలో 83 చివరి మూడు రోజుల్లోవే. ఆ 83 చావుల గురించీ వాకబు చేశాడు. 73 చావులు ఆ పంపుకు దగ్గర ఇళ్ళలో జరిగాయి. మిగతా పదీ వేరే పంపుకు దగ్గరవి. ఆ పదింటిలో ఐదు కుటుంబాలు తమకు దగ్గరున్న పంపు వదిలేసి ఇక్కడి నీళ్ళే తెప్పించుకునేవి, మరో ముగ్గురు ఈ పంపు పక్క బడికి వెళ్లే పిల్లలు.

ఈ 83 కంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకునేవి లెక్కకు లొంగని ఇళ్ళు. దగ్గర్లోని పోలండ్ స్ట్రీట్ బీదల సత్రంలో 535 మంది ఉంటే చనిపోయింది ఐదుగురే. వాళ్ళకు సొంత బావి ఉంది. పంపు దగ్గర్లోనే ఉన్న బీరు తయారుచేసే కర్మాగారంలో డెబ్బై మందికి పైగా పనివాళ్ళు, ఒక్కరూ కలరాతో పోలేదు. వాళ్ళకు పనితోపాటు బీరు ఉచితం, నీళ్ళు తాగే అవసరం రాలేదు. మైళ్ల దూరంలో హాంప్‌స్టెడ్‌లో ఒక వృద్ధురాలు మాత్రం కలరాతో పోయింది. ఆవిడ ఒకప్పుడు బ్రాడ్ స్ట్రీట్‌లో ఉండేది, ఆ నీటి రుచి మరిగి రోజూ బండి మీద సీసాలో తెప్పించుకునేది. జబ్బు రావలసినచోట ఎందుకు రాలేదు, రాకూడని చోట ఎందుకు వచ్చింది అని అడగడమే నా దృష్టిలో అసలు నిఘా. మ్యాపు మీద చుక్కలు పెట్టడం ఎవరైనా చేస్తారు.

ఈ కథకు ఇంకో ముక్క ఉంది, మీ పాఠంలో ఉండకపోవచ్చు. హెన్రీ వైట్‌హెడ్ అనే ఆ పేట చర్చి ఫాదరీ స్నో మాట తప్పని రుజువు చేద్దామనే ఇల్లిల్లూ తిరిగాడు. తిరిగి తిరిగి ఆయనే స్నో పక్షానికి వచ్చాడు. చివరికి తొలి రోగిని ఆయనకు పట్టిచ్చింది చావుల రిజిస్టరులోని ఒక వాక్యం: 40 బ్రాడ్ స్ట్రీట్, ఐదు నెలల ఆడపిల్ల, నాలుగు రోజుల కిందట మొదలైన విరేచనాల తర్వాత నీరసించి మరణం. పిల్ల గుడ్డలు ఉతికిన నీళ్ళు తల్లి ఇంటి ముందున్న మురుగు గుంటలో పోసింది. తవ్వి చూస్తే ఆ గుంట పంపు బావికి మూడడుగుల దూరం కూడా లేదు. అయితే రిజిస్టరులో ఆ పిల్ల 'కలరా' కింద లేదు, 'విరేచనాలు' కింద ఉంది. కలరా జాబితా మాత్రమే తీసుకున్నవారికి ఆ పిల్ల కనిపించదు. మీరు పాత రికార్డులతో పనిచేయబోతున్నారు కనుక ఇది బాగా గుర్తుపెట్టుకోండి: మీకు కావలసిన జబ్బు పక్క గడిలో ఉండవచ్చు.

ఆ రిజిస్టరు వెనక ఉన్న విలియం ఫార్‌కు రావలసినంత పేరు రాలేదు. ఇంగ్లాండులో 1837లో చావుపుట్టుకల నమోదు మొదలైతే, 1839లో ఆయన ఆ ఆఫీసులో చేరాడు. ఒక్కో డాక్టరు ఒకే జబ్బుకు ఒక్కో పేరు రాస్తుంటే ముందు పేర్లకు ఒక పట్టిక తయారుచేసి అందరికీ పంపాడు. విసుగు పుట్టించే గుమాస్తా పని ఇది, కానీ ఇది లేకుండా ఊరికీ ఊరికీ పోలిక కుదరదు. వింత ఏమిటంటే కలరా చెడుగాలి వల్ల వస్తుందని ఫార్ చాలాకాలం నమ్మాడు. నదికి ఎంత ఎత్తులో ఉంటే అంత తక్కువ కలరా అని సూత్రం కూడా కట్టాడు. నమ్మకం తప్పైనా లెక్క దాచలేదు, తనతో విభేదించిన స్నోకు జాబితాలు ఇచ్చాడు. చావులు నమోదు చేసేటప్పుడు ఆ ఇంటికి నీళ్ళు ఏ కంపెనీవో కూడా అడగమని రిజిస్ట్రార్లకు చెప్పాడు. 1866లో తూర్పు లండన్‌లో కలరా మళ్ళీ వచ్చినప్పుడు ఆయన వారపు లెక్కలే ఒక నీళ్ళ కంపెనీ వైపు వేలు చూపించాయి.

ఆ నీళ్ళ కంపెనీల ప్రశ్నే హారం, అంటే భాగించే సంఖ్య, దగ్గరికి తీసుకొస్తుంది. దక్షిణ లండన్‌లో రెండు కంపెనీల గొట్టాలు అవే వీధుల్లో పక్కపక్కనే వెళ్లేవి. లాంబెత్ కంపెనీ 1852లో తన నీటిని మురుగు కలవని ఎగువకు మార్చుకుంది, సౌత్‌వార్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ మార్చుకోలేదు. 1854 కలరా మొదటి ఏడు వారాల్లో సౌత్‌వార్క్ నీళ్ళు వాడే 40,046 ఇళ్ళలో 1,263 కలరా చావులు, లాంబెత్ నీళ్ళు వాడే 26,107 ఇళ్ళలో 98. అంటే పదివేల ఇళ్ళకు ఒకచోట 315, మరోచోట 37. అద్దెకుండేవాళ్ళకు తమ నీళ్ళు ఏ కంపెనీవో తెలియకపోతే స్నో ఆ నీళ్ళలో సిల్వర్ నైట్రేట్ కలిపి చూసేవాడు. ఉప్పు ఎక్కువుండే సౌత్‌వార్క్ నీళ్ళలో తెల్లని మడ్డి దండిగా దిగేది. కలరా క్రిమిని ఆయన చూడలేదు, చూడవలసిన అవసరం కూడా పడలేదు. చావులు లవం, ఇళ్ళు హారం. ఇళ్ళ సంఖ్య లేకపోతే 1,263 అన్న అంకెకు భయపెట్టడం తప్ప ఇంకో ప్రయోజనం లేదు.

చావుల లెక్క వచ్చేసరికి మనిషి పోయి ఉంటాడు. బతికుండగానే రోగి కబురు కావాలంటే డాక్టరు చెప్పాలి, డాక్టరుకు చెప్పాలని ఉండదు. రోగి మరో డాక్టరు దగ్గరికి పోతాడన్న భయం. ఇంగ్లాండులో 1889లో అంటువ్యాధులు తెలియజేయాలనే చట్టం తెచ్చినప్పుడు దీనికి చేసిన ఏర్పాటు నాకు నచ్చుతుంది. సొంత రోగి గురించి తెలియజేసిన డాక్టరుకు రెండున్నర షిల్లింగులు, ఆసుపత్రి లాంటి ఉద్యోగంలో చూసిన రోగి అయితే ఒక షిల్లింగు. న్యూయార్క్‌లో క్షయ విషయంలో నగర ఆరోగ్య శాఖ వైద్యుడు హెర్మన్ బిగ్స్ ఇంకో దారి పట్టాడు. 1890ల్లో డాక్టర్లకు ఉచితంగా కళ్ళె పరీక్ష చేసిపెట్టే ఏర్పాటు చేశాడు. పరీక్షకు పంపిన కళ్ళెతో పాటు రోగి వివరాలూ వచ్చి ఆఫీసులో చేరేవి. 1897లో క్షయ రోగుల వివరాలు తెలియజేయడం తప్పనిసరి చేసినప్పుడు డాక్టర్లు గోల చేశారు, కానీ అప్పటికే వాళ్ళు ఆ పరీక్షకు అలవాటుపడ్డారు. మన దేశంలో టీబీ కేసు తెలియజేయడం 2012లో తప్పనిసరి అయింది. ఆ తర్వాత ప్రైవేటు డాక్టరుకు కేసుకు ఐదు వందలు, 2018 నుంచి రోగికి నెలనెలా పోషకాహారం డబ్బు కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. రెండున్నర షిల్లింగుల లెక్క అక్కడ నూరేళ్ల పైచిలుకు కిందటే తేలింది. మనం చట్టం చేసి ఊరుకుంటే చాలనుకుని కొన్నాళ్లు పోగొట్టుకున్నాం.

ఇక మన వైపు. సైన్యం ఆరోగ్యం మీద వేసిన రాయల్ కమిషన్ నివేదిక 1863లో వచ్చాక, 1864లో మద్రాసు, బొంబాయి, బెంగాల్ ప్రెసిడెన్సీలలో పారిశుధ్యం, ప్రజారోగ్యం చూసే శానిటరీ కమిషన్లు ఏర్పడ్డాయి. బ్రిటిష్ ప్రభుత్వానికి మొదట బెంగ పట్టింది బారకాసుల్లో చనిపోతున్న తెల్ల సిపాయిల గురించి. బారకాసు పక్కన బజారు, బజారు పక్కన పల్లె ఉంటాయి కనుక లెక్క అక్కడిదాకా పాకింది. మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాల్లో, ఆ లెక్క గ్రామ మునసబు చేతిలో పడింది. ఇంట్లో చావు జరిగితే తలారో వెట్టివాడో వచ్చి చెబుతాడు, మునసబు రిజిస్టరులో ఎక్కిస్తాడు, నెలకోసారి అది తాలూకా ఆఫీసుకు, అక్కడి నుంచి జిల్లాకు, చివరికి మద్రాసులో శానిటరీ కమిషనర్ బల్ల మీదికి. 1899లో మద్రాసు ప్రెసిడెన్సీకి జనన మరణ నమోదు చట్టం కూడా వచ్చింది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణం మునసబు పదవులను రద్దు చేసేదాకా ఈ యంత్రాంగం ఆనవాళ్ళు ఉండనే ఉన్నాయి.

మునసబు వైద్యుడు కాడు. ఆయన ముందు ఉన్న గడులు కొన్నే: కలరా, మశూచి, జ్వరాలు, విరేచనాలు, గాయాలు, ఇతరాలు. ప్లేగు వచ్చాక దానికో గడి చేరింది. కలరా, మశూచి మాత్రం ఎవరైనా గుర్తుపట్టగలరు కనుక ఆ రెండు గడులూ చాలావరకు నమ్మదగినవి. మిగిలినవన్నీ 'జ్వరాలు'లోకి పోయేవి: మలేరియా, టైఫాయిడ్, న్యుమోనియా, క్షయ, బాలింత జ్వరం. ఇంకేమీ తోచనప్పుడూ అదే గడి. కొన్ని చావులు, ముఖ్యంగా పసికందులవి, అసలు ఏ గడిలోకీ ఎక్కేవి కావు. ఈ సంగతి శానిటరీ కమిషనర్లే ఏటా తమ నివేదికల్లో వాపోయేవారు.

మునసబుకు ముట్టేదేమిటి? దాదాపు ఏమీ లేదు. పోయేది మాత్రం ఉంది. ఊళ్ళో కలరా పడిందని రాస్తే తాసీల్దారు వస్తాడు, టీకాలవాడు వస్తాడు, బావిలో పర్మాంగనేట్ పోసి నీళ్ళు ఎర్రబారేలా చేస్తారు, జాతర దగ్గరపడితే దాన్ని ఆపమంటారు. ఊరందరితో మాట పడాలి. ఈ బాధ ఒక్క మునసబుదే అనుకోకండి. 1867లో హరిద్వార్ కుంభమేళా నుంచి తిరిగి వెళ్తున్న యాత్రికుల దారుల వెంట కలరా ఎలా పాకిందో ప్రభుత్వ వైద్యులే ఊరూ తేదీలతో రాశారు. నిఘా పరంగా అది మొదటి తరగతి పని. కానీ కొన్నేళ్లకే భారత ప్రభుత్వ శానిటరీ కమిషనర్ కన్నింగ్‌హామ్ కలరా మనుషుల ద్వారా పాకుతుందన్న మాటే కొట్టిపారేశారు. 1869లో సూయెజ్ కాలువ తెరిచారు. కలరా మనిషి వెంట ప్రయాణిస్తుందని ఒప్పుకుంటే ఇండియా ఓడలను ప్రతి రేవులోనూ ఆపుతారు. 1884లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కోచ్ కలకత్తా చెరువు నీళ్ళలో క్రిమిని చూపించినా ఇక్కడి అధికారులు చాలాకాలం తల ఊపలేదు. కబురు చెబితే నష్టపోయేవాడు దాచిపెడతాడన్నది బీద కుటుంబానికీ వర్తిస్తుంది, సామ్రాజ్యానికీ వర్తిస్తుంది.

పరీక్ష లేకుండా జబ్బును కొలవడానికి నాకు అన్నిటికంటే నచ్చిన ఉదాహరణ మలేరియాది. 1840ల్లో ఉత్తర భారతంలో కాలువలు తవ్వితే జ్వరాలు పెరుగుతున్నాయా అని ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. అందులోని డెంప్‌స్టర్ అనే వైద్యుడు ఊరూరా జనాన్ని పిలిచి పొట్ట తడిమి చూశాడు. పదే పదే మలేరియా వచ్చినవాళ్ళకు కడుపులో బల్ల, అంటే వాచిన ప్లీహం, చేతికి తగులుతుంది. నూటికి ఎంతమందికి తగిలిందో రాసుకుంటూ పోతే ఏ ఊళ్ళో మలేరియా ఎంత వేళ్ళూనుకుందో తేలింది. మలేరియా పరాన్నజీవిని లవెరాన్ చూసింది 1880లో, దోమ కడుపులో రొనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో. అంతకు అర్ధ శతాబ్దం ముందే చేతివేళ్ళతో మలేరియాను కొలిచారు. ఆ తర్వాత రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలలో బల్ల శాతం చూసి ప్రాంతాలను తరగతులుగా విడదీయడం ప్రపంచమంతటా పాటించారు: పది లోపుంటే తక్కువ, యాభై దాటితే తీవ్రం, డెబ్బై ఐదు దాటితే అతి తీవ్రం. ఇందులో కబురు చెప్పేవాడి ప్రసక్తే లేదు, వెళ్ళి చూడడమే. అందుకే ఆ అంకెలు నమ్మదగినవి.

ప్లేగు దగ్గర రెండు పద్ధతులు పక్కపక్కన పెట్టి చూడండి. 1896 సెప్టెంబర్‌లో బొంబాయి మాండ్వీ పేటలో డాక్టర్ అకాసియో వీగాస్ ప్లేగును గుర్తించారు. 1897లో ఎపిడెమిక్ డిసీజెస్ చట్టం వచ్చింది. బొంబాయిలో, పుణేలో సిపాయిలు ఇళ్ళలో దూరి సోదా చేశారు. రోగిని ఆసుపత్రికి, ఇంట్లోవాళ్ళను క్యాంపుకు తరలించారు, సామాను తగలబెట్టారు. జనం రోగులను అటకల మీద దాచారు, శవాలను రాత్రికి రాత్రి తరలించారు, బొంబాయి నగరంలో దాదాపు సగం మంది పారిపోయారు, జబ్బును వెంట తీసుకుపోయారు. పుణేలో ప్లేగు కమిషనర్ ర్యాండ్‌ను 1897 జూన్ 22న కాల్చారు. లండన్ ఎర్ర శిలువ కథే ఇది, ఈసారి తుపాకులతో.

మద్రాసు ప్రెసిడెన్సీలో మరో పద్ధతి కూడా నడిపారు. ప్లేగు ప్రాంతం నుంచి వచ్చే ప్రయాణికుడి పేరు, వెళ్లే ఊరు రాసుకుని ప్లేగు పాస్‌పోర్టు అని ఒక చీటీ ఇచ్చేవారు. అతను ఇంటికి పోవచ్చు, పని చేసుకోవచ్చు. పది రోజులు మాత్రం రోజూ స్థానిక అధికారికి కనిపించాలి, కబురు ముందే ఆ ఊరికి వెళ్ళి ఉండేది. తప్పించుకున్నవాళ్ళూ, లంచాలు పుచ్చుకున్నవాళ్ళూ ఇక్కడా ఉండే ఉంటారు. అయినా మనిషిని బంధించకుండా మనిషిమీద కన్ను వేయడమన్న ఆలోచన ఇందులో ఉంది. మూడేళ్ల కోవిడ్‌లో మన ఏఎన్ఎంలూ ఆశాలూ విదేశాల నుంచి వచ్చినవారి ఇళ్ళకు రోజూ వెళ్ళి చేసిన పని ఈ చీటీకి చాలా దగ్గర.

ఇదే కాలంలో పల్లె జనానికి ఇంకో నిఘా తెలుసు. ఇంట్లో ఎలుకలు రాలితే మూటాముల్లె సర్దుకుని తోటల్లోకి పోయేవారు. చాలాచోట్ల ఆఫీసు కాగితం కంటే ఇదే ముందు వచ్చేది. ఎలుక ఒంటి మీది ఫ్లీ అనే చిన్న పురుగు ద్వారా ప్లేగు వస్తుందని ఫ్రెంచి డాక్టరు సిమోండ్ 1898లో కరాచీలో చూపించాడు, అయినా దాన్ని ఒప్పుకోవడానికి శాస్త్రజ్ఞులకు మరికొన్నేళ్లు పట్టింది.

మునసబు 'జ్వరాలు' గడిని ఇందాక తిట్టాను కదా, 1918లో అదే గడి అక్కరకొచ్చింది. ఇన్‌ఫ్లుయెంజాకు రిజిస్టరులో గడి లేదు. చావులన్నీ జ్వరాలలో పడ్డాయి. ఆ గడిలో ప్రతి ఏడూ అదే రకమైన తప్పు జరుగుతూ వచ్చింది కనుక, 1918 చివరి నెలల అంకెలోంచి మామూలు ఏళ్ల సగటు తీసేస్తే మిగిలింది ఇన్‌ఫ్లుయెంజా. గ్రాంట్ పద్ధతే. అలా లెక్కించి అప్పటి శానిటరీ కమిషనర్ నార్మన్ వైట్ దేశం మొత్తం మీద 60 లక్షల చావులని అంచనా వేశారు. రాసేవాళ్ళే మంచాన పడడంతో చాలాచోట్ల నమోదు కుప్పకూలింది కనుక అది తక్కువ అంచనా. తర్వాత జనాభా లెక్కలతో సరిచూసినవాళ్ళు కోటీ 20 లక్షలకూ రెండు కోట్లకూ మధ్య చెబుతున్నారు. నిలకడగా ఒకే తప్పు చేసే రిజిస్టరు ఏటా పద్ధతి మార్చే మంచి రిజిస్టరు కంటే మేలు. మీ గైడుకు ఈ మాట రుచించకపోవచ్చు, కానీ వాదించండి.

దేశాల మధ్య కబురు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 1925లో నానాజాతి సమితి సింగపూర్‌లో ఒక కేంద్రం తెరిచింది. ఆసియా రేవుల నుంచి ప్లేగు, కలరా, మశూచి లెక్కలు వారం వారం టెలిగ్రాముల్లో వచ్చేవి, వాటిని కలిపి రేడియోలో తిరిగి ప్రసారం చేసేవారు. అది లేకపోతే నేటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు ఈ రూపంలో ఉండేవి కావు.

మశూచి చివరి రోజుల్లో ఇవన్నీ ఒకచోట కలిశాయి. ఎంతమందికి టీకాలు వేశామన్న లెక్కతో దశాబ్దాలు గడిచినా జబ్బు పోలేదు. 1973 చివరి నుంచి ఉత్తరాదిలో పద్ధతి మార్చారు. ఆరోగ్య సిబ్బందిని ఊరూరికీ, తర్వాత ఇల్లిల్లూ పంపి, మశూచి పిల్లవాడి బొమ్మ ఉన్న కార్డు చూపించి, ఇలాంటి జబ్బు ఎక్కడైనా ఉందా అని అడిగించారు. బడిపిల్లలను, సంతకు వచ్చినవాళ్ళను అడిగారు. మొదటి వెతుకులాటలోనే అప్పటిదాకా కాగితాల మీద వస్తున్న వాటికి అనేక రెట్లు కేసులు బయటపడ్డాయి. అమ్మవారు పోసిందని చెప్పడానికి జనం జంకేచోట వాకిట వేపమండలే సాక్ష్యం చెప్పేవి. కేసు చూపించినవారికి బహుమతి పెట్టారు. కేసులు అరుదయ్యేకొద్దీ దాన్ని పెంచుకుంటూ పోయి 1975లో వెయ్యి రూపాయలు చేశారు. లండన్‌లో కబురు చెబితే తలుపుకు తాళం పడేది, ఇక్కడ చెబితే చేతిలో డబ్బు పడింది. దేశంలో చివరి మశూచి కేసు 1975 మే నెలలో వచ్చింది. ఆ వెయ్యి రూపాయలు ఎవరూ పట్టుకుపోలేకపోవడమే జబ్బు పోయిందనడానికి ఒక రుజువయింది.

మీ థీసిస్ సంగతికి వస్తే, పాత అంకెలు వాడుకోండి, కానీ కొన్ని షరతులతో. కలరా, మశూచి గడులను జబ్బు పేర్లుగా నేరుగా వాడవచ్చు, దాచిపెట్టిన కేసుల వల్ల అంకె తక్కువగా ఉండవచ్చని మాత్రం గుర్తుంచుకోండి. 'జ్వరాలు' గడిని జబ్బు పేరుగా వాడకండి, ఏడాదికీ ఏడాదికీ ఉన్న తేడాను మాత్రమే వాడండి. ఒక జిల్లాలో కేసులు ఉన్నట్టుండి పెరిగినట్టు కనిపిస్తే, ఆ ఏడు కొత్త తాలూకాలకు చట్టం వర్తింపజేశారా, టీకాల ఇన్‌స్పెక్టర్లతో రిజిస్టర్లు తనిఖీ చేయించారా అని ముందు చూడండి. చాలాసార్లు పెరిగింది జబ్బు కాదు, తనిఖీ. ఒక ఊరు ఏళ్ల తరబడి సున్నా చూపిస్తుంటే ఆరోగ్యంగా ఉందని రాయకండి. జిల్లా సరిహద్దులు మారాయేమో కూడా చూసుకోండి, 1925లో కృష్ణా జిల్లాను విడగొట్టి పశ్చిమ గోదావరి ఏర్పరచి, పాత గోదావరి జిల్లాకు తూర్పు గోదావరి అని పేరు పెట్టినప్పుడు లెక్కలు అటూ ఇటూ అయ్యాయి. హారానికి పదేళ్లకోసారి వచ్చే జనాభా లెక్కలే ఉన్నాయి, మధ్య ఏళ్లకు మీరే అంచనా కట్టుకోవాలి. పాత నివేదికల్లో రేటును చాలాసార్లు గత జనాభా లెక్క మీదే కట్టేవారు కనుక, దశాబ్దం చివరికొచ్చేసరికి రేటు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

మద్రాసు శానిటరీ కమిషనర్ల వార్షిక నివేదికల కోసం చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్ళండి. నిజాం పాలనలోని తెలంగాణ జిల్లాలకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. అక్కడ చాలా కాగితాలు ఉర్దూ, పారశీకాల్లో ఉంటాయి, చదివిపెట్టేవారిని ముందే చూసుకోండి. ప్రయాణం కుదరకపోతే స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం బ్రిటిష్ ఇండియా వైద్య నివేదికలను స్కాన్ చేసి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది, మొదలుపెట్టడానికి అది చాలు. ఏ నివేదిక తెరిచినా పట్టికలకు ముందు నమోదు పద్ధతి మీద రాసిన పేజీలు చదవండి. ఆ ఏడు మునసబులలో ఎంతమందికి లెక్క సరిగా రాయనందుకు జరిమానా పడిందో కొన్నిసార్లు అక్కడే ఉంటుంది.